మేము అనుబంధ పరికరాలం

మా సమాఖ్యలో ఎండాకాలం వచ్చిందంటే మిరపకాయలు చల్లగా ఉంటాయి, కంప్యూటరు చల్లగా ఉంటుంది, మనుషులు మాడిపోతారు. ఇది నేను అక్కసు కొద్దీ అంటున్న మాట కాదు, నిబంధన. "శీతలీకరణ సదుపాయము సరుకునకును, యంత్రములకును, జనరల్ మేనేజరు మరియు ఆపై హోదా గల అధికారులకును మాత్రమే వర్తించును" అని హెడ్డాఫీసువారు ఏనాడో రాసి పెట్టారు. అది రాసినాయన ఏ హోదాలో ఉండి రాశాడో నేను వేరే చెప్పక్కర్లేదు.

మాది మిర్చి రైతుల సహకార విక్రయ సమాఖ్య, గుంటూరు యూనిట్. రైతుల సరుకు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటి, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డులో ఆఫీసు. గుంటూరు ఎండ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా ప్రయోజనం లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా షెడ్డు కింద రోలు పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు గానీ, పెడితే ఉగాదికే పగిలేది. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. నా పేరు దమయంతి. నోరు కాస్త పెద్దదని ఆఫీసులో ప్రతీతి. ఆ పేరు కోసం నేను పెద్దగా కష్టపడింది లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతూ వచ్చానంతే.

నిరుడు మే నెలలో మా అకౌంటెంటు మస్తాన్ వలీ గారు లెక్కలు చూస్తూ చూస్తూ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. వడదెబ్బ. అందరం కలిసి నీళ్లు చల్లి, ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. బతికి బయటపడ్డారు గానీ, మరోసారి ఇట్లా ఎండ దెబ్బ తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. పోనీ ఉద్యోగం మానేద్దామా అంటే, ఆయనకు రిటైర్మెంటు ఈ దసరా తరవాతే. అంటే ఇంకో ఎండాకాలం దాటాలి.

మా యూనిట్ మేనేజరు చుండూరి పానకాలరావు గారు నిబంధనల మనిషి. మాట్లాడితే సర్క్యులరు చదువుతున్నట్టు ఉంటుంది. అయినా మనసులేని మనిషి కాదు. ఆఫీసు చివర అద్దాల గది ఒకటుంది. అందులో సర్వరు అని నల్ల బీరువా లాంటి పెట్టె ఉంటుంది. ఏ రైతు ఎన్ని టిక్కీలు, అంటే ఎన్ని బస్తాల మిర్చి దాచాడు, ఎప్పుడు తీశాడు, సమస్తం దాని కడుపులోనే. దానికి చెమట పట్టకూడదని ఏసీ పెట్టారు. "సర్వరు నిరంతర పర్యవేక్షణ నిమిత్తము" అని ఓ ఉత్తర్వు రాసి, పానకాలరావు గారు మస్తాన్ వలీ గారి బల్లను ఆ గదిలో వేయించారు.

అకౌంటెంటుకు ఫైళ్లు అందించాలి కాబట్టి మర్నాడు నా బల్ల కూడా లోపలికి వచ్చింది. నాకు టపా అందించాలి కాబట్టి టపా సెక్షను వచ్చింది. నెల తిరిగేసరికి ఆఫీసు మొత్తం ఆ గదిలోకి చేరిపోయింది. పర్యవేక్షణను పర్యవేక్షించేవారు లేరన్న లోటు గుర్తించి చివరికి మేనేజరు గారు కూడా వేంచేశారు. ఆయన హోదా జనరల్ మేనేజరుకు ఒక మెట్టు కింద, ఆయనకూ ఏసీ రాసిపెట్టి లేదు. సర్వరు మధ్యలో, చుట్టూ మేము. చలికాలంలో నెగడు చుట్టూ చేరినట్టు ఆ చలువ చుట్టూ చేరి హాయిగా పని చేసుకుంటున్నాం.

అలాంటి రోజుల్లో ఫాల్గుణం వెళ్తుండగా హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు దిగింది. సమాఖ్య యావత్తూ క్లౌడ్‌కు తరలిపోవాలట. ఇక మీదట లెక్కలన్నీ ఎక్కడో దూరాన హైదరాబాదులో, ఎవరిదో పెద్ద కంప్యూటర్ల భవనంలో ఉంటాయట. మన దగ్గర సర్వరు ఉండదట. ప్రతి యూనిట్ "తరలింపు ప్రణాళికా సంఘము" ఏర్పాటు చేసుకుని, ప్రణాళిక పూర్తికాగానే తరలాలట.

సంఘం మొదటి సమావేశం సర్వరు గదిలోనే జరిగింది, మాకు వేరే గది ఎక్కడుంది. మేనేజరు గారు సర్క్యులరు చదివి, ఇది చారిత్రక ఘట్టమని, సమాఖ్య సాంకేతిక శిఖరాలను అధిరోహించనున్నదని చెప్పారు. మేము చప్పట్లు కొట్టబోతుంటే మస్తాన్ వలీ గారు మెల్లగా అడిగారు.

"సర్వరు పోతే మరి ఏసీ ఏమవుద్ది సార్?"

పానకాలరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "యంత్రము లేని గదిలో శీతలీకరణ కొనసాగించుట నిబంధనోల్లంఘన అవుతుందండీ వలీ గారూ" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైందని ఎవరికైనా తెలుస్తుంది.

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఒళ్లోకి దిగాయి. నాకు ఆ ఆటో ప్రయాణం గుర్తొచ్చింది, ఆయన తల నా భుజం మీద ఎంత వేడిగా ఉందో గుర్తొచ్చింది. నేనే నోరు తెరిచాను. సర్క్యులరులో ప్రణాళిక పూర్తయ్యాక తరలమన్నారు గానీ, ఎప్పటికి పూర్తి చేయాలో రాయలేదు కదా అన్నాను. మేనేజరు గారు సర్క్యులరు వెనక్కీ ముందుకూ తిప్పి చూశారు. రాయలేదు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఆయన కూతురి పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ రోజు నుంచి మేము వేసినంత ప్రణాళిక దేశంలో ఎవరూ వేసి ఉండరు. ముందు ప్రణాళిక ఎలా వేయాలో ప్రణాళిక వేశాం. తరలింపు వల్ల వచ్చే ప్రమాదాల మీద ఒక ఉపసంఘం, రాని ప్రమాదాల మీద ఇంకొకటి. తీగ తెగితే ఏం చేయాలి, కరెంటు పోతే ఏం చేయాలి, హైదరాబాదులో భూకంపం వస్తే మన మిర్చి లెక్క ఎవరిని అడగాలి. ప్రతి ఉపసంఘమూ ప్రతిరోజూ సర్వరు గదిలోనే కూర్చునేది, ఎందుకంటే తరలించవలసిన వస్తువు కళ్లెదుట ఉంటేనే చర్చ కుదురుతుందని తీర్మానించాం. చైత్రం గడిచింది. వైశాఖం సగమైంది. బయట తారు కరుగుతోంది, లోపల మస్తాన్ వలీ గారు భుజాన కండువా కప్పుకుని టీ తాగుతున్నారు. మా నివేదికల మందం చూసి హెడ్డాఫీసువారు ముచ్చటపడి, అత్యంత సన్నద్ధమైన యూనిట్ గుంటూరే అని ప్రశంసాపత్రం పంపారు. ప్రణాళిక లేకుండా తరలిపోయిన యూనిట్లను మందలించారు కూడా.

అంతా సవ్యంగా ఉందనుకుంటే ఆడిటరు గారు వచ్చారు. వచ్చినాయన తిన్నగా మా గదిలోకి వచ్చి, ఏసీ కిందే కుర్చీ వేయించుకుని, ఇంకాస్త చల్లగా పెట్టమని అడిగి మరీ అభ్యంతరం రాశారు. "శీతల గదిలో యంత్రేతర వస్తువులు, అనగా సిబ్బంది, ఉన్నట్లు గమనించడమైనది. సంజాయిషీ ఇవ్వవలెను."

దీనికి పానకాలరావు గారు రాసిన సమాధానం ఆయన ఉద్యోగ జీవితానికే కలికితురాయి. "యంత్రము తనంతట తాను పనిచేయజాలదు. దానిచే పనిచేయించు వ్యక్తి ఆ యంత్రమునకు అనుబంధ పరికరముగా పరిగణింపబడును. కావున గదిలో యంత్రేతర వస్తువులు లేవు" అని రాసేశారు. ఆడిటరు గారు తలూపి, అలా అయితే పరికరాల మీద ఆస్తి నంబర్లు ఉండాలి కదా అన్నారు. సాయంత్రానికల్లా మా అందరి గుర్తింపు కార్డుల మీద స్టిక్కర్లు అంటించారు. మస్తాన్ వలీ గారు గణన పరికరం. మేనేజరు గారు ప్రధాన నియంత్రణ పరికరం. నన్ను స్పీకరు అని రాశారు. ఎవరు రాశారో నాకు తెలుసు, సమయం వచ్చినప్పుడు చూసుకుంటాను.

పరికరాలయ్యాక కొన్ని చిక్కులు వచ్చిన మాట నిజమే. మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకు నేను సెలవు పెడితే, పరికరాలకు సెలవు వర్తించదని ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను తిరస్కరించింది. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను నేనే కాబట్టి వాదించుకోవడానికి కూడా మనిషి లేడు. చివరికి సర్వీసింగుకు పంపినట్టు రాసుకుని వెళ్లొచ్చాను. అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. చల్లగా ఉంటే మనిషికి ఓర్పు అదే వస్తుంది.

ఇంతలో మా ప్రణాళికను దగ్గరుండి ముగింపుకు తెమ్మని హెడ్డాఫీసువారు హైదరాబాదు నుంచి శ్రీకర్ అనే సలహాదారును పంపారు. మే నెలలో గుంటూరుకు కోటు వేసుకుని వచ్చిన మనిషిని నేను అతణ్నే చూశాను. మా గదిలోకి వచ్చాక ఆ కోటు ఎందుకో అర్థమైంది, అతను బతికేదంతా ఇలాంటి గదుల్లోనే. మాటకు ముందు ల్యాప్‌టాప్ తెరిచాడు. మనుషుల వంక చూడలేదు. ఆస్తుల జాబితా అడిగాడు, మేనేజరు గారు ఇచ్చారు. సర్వరుతో పాటు దాని అనుబంధ పరికరాలన్నీ కూడా తరలించేస్తే యూనిట్ పూర్తిగా ఖాళీ అవుతుందని, హెడ్డాఫీసుకు కావలసింది అదేనని అతను టైపు చేసుకుంటూ చెప్పాడు.

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంతకాలం ఈ గది నుంచి కదలకుండా ఉండటానికి పడ్డ పాట్లు కళ్ల ముందు మెదిలాయి. మస్తాన్ వలీ గారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"బాబూ, ఆ క్లౌడ్ ఉన్న చోట ఏసీ ఉంటదా?"

శ్రీకర్ మొదటిసారి తలెత్తాడు. అదేం ప్రశ్నండీ, ఆ భవనాల్లో ఇరవై నాలుగ్గంటలూ ఏసీలే, లోపల స్వెట్టరు లేకుండా ఎవరూ నిలవలేరు అన్నాడు. ఎండాకాలమైనా అంతేనా అని నేను అడిగాను. అక్కడ ఎండాకాలం అనేది ఉండదన్నాడు.

నెలల తరబడి తెమలని ప్రణాళిక ఆ మధ్యాహ్నమే పూర్తయింది. ఉపసంఘాలన్నీ ఏకగ్రీవంగా రద్దయ్యాయి. హైదరాబాదులో భూకంపాలు రావని తీర్మానించాం. "సమాఖ్య విశాల ప్రయోజనముల దృష్ట్యా సర్వరును, అనుబంధ పరికరములనన్నిటిని తక్షణమే క్లౌడ్‌కు తరలించవలెను" అని మేనేజరు గారు రాసి సంతకం పెడితే, హెడ్డాఫీసువారు జాబితా విప్పి చూడకుండానే ఆమోదించి, రవాణా ఖర్చులు కూడా మంజూరు చేశారు. మేమంతా పట్నం బజారుకు వెళ్లి స్వెట్టర్లు అడిగాం. కొట్టాయన మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు మజ్జిగ తెప్పించి తాగించాడు. ఆ తరవాతే అటక మీంచి స్వెట్టర్ల మూట దింపాడు.

మిర్చి లెక్కలు తీగ మీద ముందే వెళ్లిపోయాయి. పాత సర్వరు పెట్టెను హెడ్డాఫీసు లారీ పట్టుకుపోయింది. మేము మినీ బస్సులో పులిహోర పొట్లాలతో బయల్దేరాం. హైదరాబాదు ఊరి బయట, కిటికీలు లేని పెద్ద తెల్లటి భవనం. గేటు దగ్గర చిన్న గూడులో సెక్యూరిటీ ఆయన టేబుల్ ఫ్యాను పెట్టుకుని కూర్చున్నాడు. మేనేజరు గారు ఉత్తర్వు చూపించి, గుంటూరు యూనిట్ అనుబంధ పరికరాలు వచ్చాయని గంభీరంగా చెప్పారు.

ఆయన ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా చదివాడు, మా స్టిక్కర్లు ఒక్కొక్కటి సరిచూశాడు. అన్నీ కరెక్టుగానే ఉన్నాయన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది.

"గని సార్, ఈడ మనుషులుండరు, మిషన్లే ఉంటయ్. నేను గూడ బయటనే ఉంట. మీరు మిషన్లే అంటున్నరు, కాదనను. మిషన్లయితే అట్టపెట్టెల ప్యాకింగ్ అయి రావాలె."

పానకాలరావు గారు కాసేపు ఆలోచించారు కూడా. నేను ఆయన మోచేయి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. సెక్యూరిటీ ఆయన పాపం మంచివాడు, మస్తాన్ వలీ గారి మొహం చూసి తన ఫ్యాను ఆయన వైపు తిప్పి, కుండలోంచి చన్నీళ్లు ఇచ్చాడు. పులిహోర ఆయనకూ పెట్టి వెనక్కి వచ్చేశాం.

గుంటూరు వచ్చేసరికి అద్దాల గదిలో ఏసీ ఉన్న చోట గోడకు కన్నం మిగిలింది. అందులోంచి వడగాలి వస్తోంది. యంత్రం లేదు కాబట్టి ఏసీని మిగులు ఆస్తి కింద హెడ్డాఫీసుకు పట్టుకుపోయారు. క్లౌడ్‌కు నూరు శాతం తరలిన యూనిట్‌గా మాకు ఇంకో ప్రశంసాపత్రం వచ్చింది. దాంతో విసురుకుంటూ కూర్చున్నాం.

మర్నాడు మధ్యాహ్నానికి మస్తాన్ వలీ గారి మొహం కందగడ్డలా అయింది. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, "ఏం కాదులే అమ్మా దమయంతీ, వానలు వస్తయ్‌లే" అంటున్నారు గానీ చేతిలో కలం నిలవడం లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పక్కనే కోల్డ్ స్టోరేజీ గోడ. చెయ్యి పెడితే చల్లగా ఉంది. లోపల మిరపకాయలు మహారాజుల్లా పడుకుని ఉన్నాయి. ఆ గోడకు చెయ్యి ఆనించే అన్నాను.

"సార్, యంత్రాలుగా మన పని అయిపోయింది. ఆ నిబంధనలో సరుకు అని కూడా ఉంది కదా."

పానకాలరావు గారు నిబంధన తెప్పించుకోలేదు, ఆయనకు అది కంఠతా వచ్చు. పెదవులు కదుపుతూ ఒకసారి మనసులో చదువుకున్నారు. సరుకు అనగా మిర్చి మాత్రమే అని ఎక్కడా లేదు. గంటలో మా అందరి పేరా కోల్డ్ స్టోరేజీ రసీదులు తయారయ్యాయి. హమాలీలు మా బల్లలు మోసుకెళ్లి టిక్కీల వరసల మధ్య వేశారు, మమ్మల్ని కూడా మోసి లోపల పెడితేనే దిగుమతి కింద లెక్క అని మేస్త్రీ పట్టుబట్టాడు. ఒక్కొక్కరినీ భుజాన వేసుకుని దించారు. నా వంతు వచ్చినప్పుడు నేను నడిచే వస్తానని చెప్పాను, నా మొహం చూసి మేస్త్రీ ఒప్పుకున్నాడు.

లోపల స్వర్గం. తుమ్ములున్న స్వర్గం. స్వెట్టర్లు వేసుకుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఘాటుకు కళ్లనీళ్లు కారుతుంటే లెక్కలు రాసుకున్నాం. మస్తాన్ వలీ గారి మొహం తేటపడింది. పని కూడా బ్రహ్మాండంగా సాగింది, ఎందుకంటే తుమ్ములు అందుకున్నాక ఎవరూ ఎవరితోనూ కబుర్లు చెప్పలేరు.

సరుకు అన్నాక గ్రేడింగు తప్పదు. జ్యేష్ఠంలో హెడ్డాఫీసు నుంచి గ్రేడరు గారు వచ్చి టిక్కీలన్నీ పరీక్షించి, వరసలో తరవాత మేమున్నాం కాబట్టి మమ్మల్నీ పరీక్షించారు. ఆయన పని ఆయనది. రంగు, మెరుపు, గట్టిదనం చూశారు. మస్తాన్ వలీ గారిని వెలుతురుకు తిప్పి చూసి "డీలక్స్" అని రాశారు. నాకు "మీడియం బెస్ట్" ఇచ్చి, పక్కన ఘాటు ఎక్కువ అని చేర్చారు. పానకాలరావు గారి దగ్గరకు వచ్చి, పండిన జుట్టు, పాలిపోయిన మొహం ఎగాదిగా చూసి, ఏమాత్రం సంకోచం లేకుండా "తాలు" అని రాసి వెళ్లిపోయారు. రంగు చచ్చి తెల్లబడిపోయిన కాయను మా మిర్చి యార్డులో తాలు అంటారు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. "తాలు సరుకును శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచరాదు. తక్షణమే బయటకు తీసి కల్లములో ఆరబోయవలెను." కింద పానకాలరావు గారి రసీదు నంబరు.

ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదివారు. మేము ఏదో ఒక వంక రాద్దామని, అప్పీలు పెడదామని అంటున్నా వినలేదు. "ఉత్తర్వు ఉత్తర్వేనండీ. నాకొకటి, మీకొకటి ఉండదు" అని స్వెట్టరు విప్పి మడత పెట్టి బల్ల మీద ఉంచి, తన కుర్చీ తానే ఎత్తుకుని బయటకు వెళ్లిపోయారు. తలుపు సందులోంచి చూశాం. కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మధ్య కుర్చీ వేసుకుని, నెత్తిన రుమాలు కప్పుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. ఆయన మెడ మీద చెమట ఇక్కడికి కనిపిస్తోంది. తాలు అన్నందుకు మొదట్లో లోలోపల నవ్వుకున్న మాకు ఎవరికీ నవ్వు రాలేదు.

మస్తాన్ వలీ గారు కండువా నెత్తికి చుట్టుకున్నారు. మీరు ఎండలోకి వెళ్లడానికి వీల్లేదని నేను అడ్డం పడ్డాను. ఆయన నన్ను పక్కకు జరిపి, గుమ్మం దాటి, నేరుగా కల్లంలోకి నడిచి మేనేజరు గారి ముందు నిలబడ్డారు. నేనూ వెనకే పరిగెత్తాను.

"లెగండి సార్. యార్డులో నలభై ఏళ్ల బట్టీ చూస్తన్నా. నాలుగు తాలుకాయలు కలవని డీలక్స్ లాటు ఏడన్నా ఉందా? మాలో కలిపేస్తాం, రండి."

పానకాలరావు గారు ఇది కల్తీ అవుతుందన్నారు. అవుతుందని, అయినా గుంటూరు యార్డు మొత్తం ఇలాగే నడుస్తోందని మస్తాన్ వలీ గారు నచ్చజెప్పారు. నేను కుర్చీ ఎత్తుకున్నాను. ఆయన మా ఇద్దరి మధ్యా నడుచుకుంటూ లోపలికి వచ్చి, అందరితో పాటు తుమ్మి, స్వెట్టరు తొడుక్కున్నారు.